ఉప్పునీటి అక్వేరియంలో కొత్త చేపలా? ముందు ఆ నీలి చేపను బయటికి తీయండి

సందేహం: మాది భీమవరం దగ్గర పల్లె. వనామీ రొయ్యల సాగు చేస్తాను. ఇంట్లో 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. పౌడర్ బ్లూ ట్యాంగ్ అనే చేపను తెచ్చి వదిలిన పది రోజులకు చేపలకు తెల్లమచ్చలొచ్చి, ఏడింటిలో ఆరు చనిపోయాయి. చెరువు నుంచి నా చేతులకంటుకుని తెల్లమచ్చ వైరస్ వచ్చిందనుకుంటున్నాను. చేపలమ్మే దుకాణంలో ఇచ్చిన కాపర్ మందు పోస్తే మచ్చలు పోయాయి గానీ చేపలు దక్కలేదు. నీలి డామ్సెల్ ఒక్కటే హుషారుగా ఉంది. ఇది జరిగి 15 రోజులైంది. ఇప్పుడు చిన్నవి, పోట్లాడని చేపలు వేయాలనుంది: రెండు క్లౌన్ ఫిష్, రెండు బంగాయ్ కార్డినల్, ఒక ఫైర్ ఫిష్ గోబీ, ఒక సముద్రపు గుర్రం. వేయవచ్చా?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

సలహా: ఇప్పుడు వేయకండి. వేస్తే అవీ పోతాయి.

ముందుగా, మీ చెరువుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. రొయ్యల తెల్లమచ్చ వైరస్ రొయ్యలకు, పీతలకు వస్తుంది, చేపలకు రాదు. మీ చేపలను చంపింది క్రిప్టోకేరియాన్ అనే పరాన్నజీవి. అది ట్యాంగ్‌తోనే వచ్చి ఉంటుంది. చేప ఒంటి మీద 3 నుంచి 7 రోజులుండి రాలిపోతుంది, ఇసుకలో, రాళ్ల మీద గూడు కట్టుకుని వందల పిల్లలను వదులుతుంది. మచ్చలు పోయాయంటే మందు పనిచేసిందని కాదు, పురుగు కిందికి దిగిందని.

మీరు హుషారుగా ఉందంటున్న డామ్సెల్ దగ్గరే అసలు చిక్కుంది. దానికి కొంత తట్టుకునే శక్తి వచ్చింది, పురుగు మాత్రం దాని మొప్పల్లో బతుకుతూనే ఉంటుంది. అది అందులో ఉన్నన్నాళ్లూ ఈ 15 రోజులు లెక్కలోకి రావు. పైగా డామ్సెల్ తన చోటులోకి కొత్త చేపను రానివ్వదు, తరిమి తరిమి చంపుతుంది. దాన్ని తీసి వేరే తొట్టెలో పెట్టండి. ఆ రోజు నుంచి 76 రోజులు అక్వేరియంలో ఒక్క చేప కూడా ఉండకూడదు. గూళ్ల నుంచి 72 రోజులకు కూడా పిల్లలు వచ్చిన దాఖలా ఉంది, అందుకే ఈ లెక్క. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండగడతారు కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ నీరు తీయకూడదు. ఫిల్టరు, పంపులు నడవాలి, వేడి 26–27 డిగ్రీలుండాలి, రెండు రోజులకోసారి చిటికెడు మేత వేయాలి. లేకపోతే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ఆవిరైన మేరకు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోసి, సెలైనిటీ (నీటిలో ఉప్పు మోతాదు) 33–35 పీపీటీ, అంటే వెయ్యి వంతుల్లో 33–35 వంతుల దగ్గర నిలపండి.

కాపర్‌ను అసలు అక్వేరియంలో పోయించడం దుకాణదారు చేసిన పెద్ద తప్పు. రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుంటాయి, చేపకు అందాల్సిన మోతాదు నిలవదు. తర్వాత మెల్లగా వదులుతుంటే రొయ్యలు, నత్తలు బతకవు. ఫిల్టరులో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి, వారానికోసారి పావు వంతు నీరు మార్చండి. టెస్ట్ కిట్‌లో కాపర్ సున్నా వచ్చేదాకా రొయ్య జోలికి పోవద్దు.

పీసీఆర్ (వైరస్ ఉందో లేదో తేల్చే పరీక్ష) చేయించనిదే రొయ్య పిల్లలను చెరువులో వదలని మీరు, దుకాణం నుంచి తెచ్చిన చేపను నేరుగా ఎలా వదిలారు? నాకు బాధ కలిగించింది ఇదే. చేప ఎంత చిన్నదైనా, అమ్మినవాడు ఎంత భరోసా ఇచ్చినా, 30 రోజులు విడిగా ఉంచాల్సిందే. 80 లీటర్ల తొట్టె చాలు. ఇసుక, రాళ్లు వద్దు. స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్కలు పెట్టండి. అమ్మోనియా రోజూ చూడండి.

మచ్చలు కనిపిస్తే మందు ఆ తొట్టెలోనే. ల్యాబ్ గ్రేడ్ మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 1 గ్రాము లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. 80 లీటర్లకు ఆ ద్రావణం 63 మి.లీ. పోస్తే కాపర్ 0.2 పీపీఎం (లీటరుకు 0.2 మి.గ్రా.) అవుతుంది. ఒకేసారి పోయవద్దు, రోజుకు 21 మి.లీ. చొప్పున మూడు రోజులు పోయండి. ఉదయం, సాయంత్రం కిట్‌తో చూస్తూ 21 రోజులు 0.15–0.20 మధ్య నిలపండి. 20 లీటర్ల నీరు మారిస్తే కొత్త నీటిలో 16 మి.లీ. కలపండి. కిట్ లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు, మోతాదు కాస్త మించినా చేప చస్తుంది.

మీ జాబితాలో సముద్రపు గుర్రాన్ని కొట్టేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి అది రక్షిత జీవి. తెచ్చిస్తానన్న దుకాణానికి మళ్లీ వెళ్లకండి. ట్యాంగ్ కూడా వద్దు, ఈ అక్వేరియం దానికి చాలదు. మిగతా అయిదూ బాగున్నాయి. క్లౌన్, బంగాయ్ హేచరీలో పుట్టినవే అడిగి తీసుకోండి, కొనేముందు పెల్లెట్ (గుళికల మేత) తింటున్నాయో లేదో కళ్లారా చూడండి. ముందు గోబీ, దాని తర్వాత బంగాయ్ జత, ఆఖరున క్లౌన్ జత వేయండి. క్లౌన్ ముందే చేరితే చోటంతా తనదేనంటుంది. ఒక్కో విడతకూ ఆ 30 రోజులు తప్పవు. గోబీ బెదిరితే ఎగిరి బయట పడుతుంది, దాన్ని వదిలేలోపే అక్వేరియం మీద సన్నని వల బిగించండి.