లడ్డూ తిన్న కుక్కకు వాంతులు తగ్గాయి... ఇక భయం లేనట్టేనా?

ప్రశ్న: మాది తిరుపతి. మా ఇంట్లో రెండేళ్ల పొమేరియన్ కుక్క ఉంది, బరువు 8 కిలోలు. మొన్న బంధువులు కొండ నుంచి తెచ్చిన లడ్డూలో సగం దాకా తినేసింది. ఆ రాత్రి రెండుసార్లు వాంతి చేసుకున్నా, తెల్లారేసరికి మామూలుగానే తిరిగింది. రోజూ మేము తినే అన్నంలోనే కూర పులుసు కలిపి పెడతాము. దీనివల్ల ప్రమాదం ఉందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: వాంతులు ఆగాయి కనుక గండం గడిచిందని అనుకోకండి. ఈ జవాబు చదివిన రోజే దాన్ని పశువైద్యుడికి చూపించి, మూత్రపిండాల పనితీరు తెలిపే యూరియా, క్రియాటినిన్ రక్తపరీక్షలు చేయించండి. లడ్డూను విరిచి చూస్తే బూందీ మధ్యలో నేతిలో ఉబ్బిన ఎండుద్రాక్షలు కనిపిస్తాయి. అసలు ముప్పు వాటితోనే. ద్రాక్ష గానీ ఎండుద్రాక్ష గానీ తిన్న కుక్కల్లో కొన్నింటికి ఒకటి నుంచి మూడు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎన్ని పండ్లు తింటే ప్రమాదమో చెప్పే కచ్చితమైన లెక్క లేదు. ఒక కుక్క గుప్పెడు తిని తట్టుకుంటే, మరొకటి కొద్దిపాటికే కుప్పకూలుతుంది. వాంతులు తగ్గి, ఒక పూట హుషారుగా తిరిగి, ఆ తర్వాత మూత్రం తగ్గిపోయిన కుక్కలను చూశాను కనుకనే ఇంత గట్టిగా చెబుతున్నాను. ద్రాక్షగుత్తి తిన్న ఒక కుక్కను మూడో రోజున నా దగ్గరికి తెచ్చారు. అప్పటికే దాని నోటి నుంచి మూత్రపు వాసన వస్తోంది, సెలైన్ ఎక్కించినా దక్కలేదు. తిన్న రెండు గంటల్లోపు తెచ్చి ఉంటే వాంతి చేయించే అవకాశం ఉండేది.

ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే ఇందుకు కారణం కావచ్చని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. అదే ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంటుంది, చింతపండు తిన్న కుక్కల్లోనూ మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలు నమోదయ్యాయి. కాబట్టి పులిహోర, పులుసు, చారు కుక్క గిన్నెలో వేయకపోవడమే మంచిది.

మీరు రోజూ కలిపి పెట్టే కూరలో మరో చిక్కు ఉంది. మన వైపు ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు లేని కూర అరుదు. ఈ రెండూ కుక్క రక్తంలోని ఎర్రకణాలను విచ్ఛిన్నం చేస్తాయి. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. కిలో శరీర బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ తింటే రక్తంలో మార్పులు కనిపిస్తాయి. మీ కుక్క లెక్కన చూస్తే ఒక పెద్ద ఎర్రగడ్డ చాలు. తెల్లగడ్డ ఇంకా ఘాటైనది. రోజూ కొద్దికొద్దిగా పెట్టినా నష్టం పోగుపడుతుంది, పైగా లక్షణాలు కొన్ని రోజులు ఆలస్యంగా బయటపడతాయి. పై పెదవిని మెల్లగా ఎత్తి చిగుళ్లు చూడండి: లేత గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయినా, మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారినా ఆలస్యం చేయవద్దు.

ఇళ్లలో కుక్కకు హాని చేసేవి ఇంకా ఉన్నాయి. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్ అనే పదార్థం కుక్క ఒంట్లో సగం తగ్గడానికే దాదాపు 17 గంటలు పడుతుంది కనుక గుండె దడ, వణుకు, మూర్ఛ రావచ్చు. చాక్లెట్ ఎంత ముదురు రంగులో ఉంటే అంత ప్రమాదం. చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో తీపి కోసం వాడే జైలిటాల్ అరగంట, గంటలోనే రక్తంలో చక్కెరను ప్రమాదకరంగా పడగొడుతుంది. వండిన కోడి ఎముకలు చీలికలై పేగులకు గుచ్చుకుంటాయి. మన జిల్లాలో మామిడికాయల కాలం వచ్చిందంటే టెంక మింగి పేగుకు అడ్డుపడిన కుక్కలు కూడా వస్తాయి, వాటిలో కొన్నింటికి ఆపరేషన్ తప్పదు.

ఇలాంటివి తిన్నదని తెలిసిన వెంటనే, ఏమి తిన్నది, ఎంత, ఎప్పుడు అన్నది చెప్పుకోగలిగేలా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. పొట్లం మిగిలితే వెంట తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం మాత్రం వద్దు, దానివల్ల రక్తంలో సోడియం పెరిగి మెదడుకే ముప్పు వస్తుంది. తిరుపతిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. లడ్డూలోని నెయ్యి వల్ల క్లోమగ్రంథి వాచే అవకాశమూ ఉంది కాబట్టి, పరీక్ష ఫలితం వచ్చేవరకు ఉప్పు, కారం, నూనె లేకుండా మెత్తగా ఉడికించిన అన్నం, అందులో కాస్త ఎముకలు తీసిన ఉడికించిన కోడిమాంసం పెట్టండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచి, రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోస్తోందో రాసుకుని వైద్యుడికి చెప్పండి.