అగాపే తెలియకపోతే దేవుని ప్రేమ సగమే అర్థమైనట్టా?

గ్రీకులో ప్రేమకు నాలుగైదు మాటలున్నాయని, తెలుగులో అన్నిటికీ "ప్రేమ" ఒక్కటే కాబట్టి దేవుని ప్రేమ మనకు సగమే అందుతోందని మీ పాస్టర్ గారు చెప్పారన్నారు. అది విన్నప్పటి నుంచి తెలుగు బైబిల్ తెరిస్తే ఏదో వెలితిగా ఉందని కూడా రాశారు. ఆ ప్రసంగం నేనూ చేశానండీ, చాలాసార్లు. అందుకే జవాబిస్తున్నాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక లూథరన్ కుటుంబం. యవ్వనస్థుల కూటాలు అప్పట్లో నేనే నడిపేవాణ్ణి. బోర్డు మీద మూడు గడులు గీసి, ఎరోస్ శరీర ప్రేమ, ఫిలియా స్నేహం, అగాపే ఏమీ ఆశించని దేవుని ప్రేమ అని రాసేవాణ్ణి. ఆ వెంటనే యోహాను 21వ అధ్యాయం. యేసు "నన్ను ప్రేమించుచున్నావా" అని పేతురును మూడుసార్లు అడుగుతాడు కదా. గ్రీకులో మొదటి రెండుసార్లు అగాపే క్రియ, మూడోసారి ఫిలియా క్రియ. పేతురు మాత్రం మూడుసార్లూ ఫిలియాతోనే జవాబిస్తాడు. "చూశారా, పేతురు అంత ఎత్తుకు ఎక్కలేకపోయాడు, ప్రభువే దిగొచ్చాడు" అనేవాణ్ణి. పిల్లలు నోట్సు రాసుకునేవాళ్లు. రెండు గ్రీకు ముక్కలు వచ్చినవాడికి మైకు ముందు ఉండే ధైర్యమే వేరు.

తర్వాత ఎప్పుడో పదసూచిక దగ్గర పెట్టుకుని ఒక్కో వచనమే చూసుకుంటే నా గడులు చెరిగిపోయాయి. ఎరోస్ అనే మాట కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని యోహాను 3:35లో అగాపే క్రియతో రాసి, అదే సంగతిని 5:20లో ఫిలియా క్రియతో రాశాడు. తండ్రి ప్రేమ రెండు అధ్యాయాల్లో మెట్టు దిగిపోయిందనుకోవాలా? పౌలు తోటి పనివాడు దేమా ఆయన్ను వదిలి వెళ్లిపోయిన చోట (2 తిమోతి 4:10) మన తెలుగు బైబిల్ "యిహలోకమును స్నేహించి" అంటుంది. గ్రీకులో అక్కడున్నది అగాపే క్రియే! అంతకంటే ఘోరం, పాత నిబంధన గ్రీకు అనువాదంలో అమ్నోనుకు తామారు మీద ఉన్నదానికి కూడా అదే మాట వాడారు. అతను ఆమెను బలాత్కారం చేసిన కథ అది. మాటలోనే పవిత్రత ఉంటే అక్కడికి ఎలా వచ్చింది?

పేతురు కథలో కూడా యోహాను ప్రేమకే కాదు, మేపడానికి, గొర్రెలకు, ఎరగడానికి కూడా రెండేసి మాటలు మార్చి వాడాడు. అది ఆయన రాసే తీరు. యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకినవాణ్ణి మూడుసార్లు అడిగాడన్నదే అక్కడ గుండెకు తగిలే సంగతి. అది తెలుగులో పూర్తిగా ఉంది, ఒక్క ముక్క పోలేదు.

అలాగని మూల భాషల వల్ల లాభం లేదనను. నాకు జరిగింది చెబుతాను.

అమ్మకు కంటి ఆపరేషన్ అయినప్పుడు కొన్నాళ్లు బైబిల్ నేనే చదివి వినిపించేవాణ్ణి. ఒకరోజు లూకా 15, ఆస్తి పాడుచేసుకుని ఇంటికి తిరిగొచ్చిన తప్పిపోయిన కుమారుని కథ. "తండ్రి వానిని చూచి కనికరపడి, పరుగెత్తి" అని చదువుతుంటే ఆపింది.

"కనికరం ఏంటిరా? కనికరం బిచ్చగాడి మీద పడతాం. ఆయనకు కడుపు తరుక్కుపోయుంటది."

మా తమ్ముడు చిట్టీల డబ్బు పోగొట్టి పద్నాలుగు నెలలు ఇంటి ముఖం చూడలేదు. ఆ అప్పు కట్టింది నేను, కాబట్టి ఆ కథలో కోపగించుకున్న అన్న పాత్ర నాదేనని మీకు తెలిసే ఉంటుంది. వాడు వస్తున్నాడని తెలిసి అమ్మ ఒక్కతే బస్టాండుకు వెళ్లింది. "వాణ్ణి చూడగానే తిడదామనే అనుకున్నా. వాడి కాళ్లకేసి చూశా, చెప్పులు అరిగి మడమ నేలకు తగులుతోంది. ఇంక మాట రాలా" అంది ఆ రోజు, నేను బైబిల్ పట్టుకుని కూర్చుంటే. ముందు చెప్పుల కొట్టుకే తీసుకెళ్లిందట.

ఆ రాత్రి గ్రీకు చూశాను. "కనికరపడి" అన్న చోట స్ప్లాంగ్నిజొమై అనే క్రియ ఉంది. స్ప్లాంగ్న అంటే పేగులు, లోపలి అవయవాలు. కొత్త నిబంధనలో ఈ క్రియ 12 చోట్ల వస్తుంది, అన్నీ మొదటి మూడు సువార్తల్లోనే. నాయీను విధవరాలిని చూసినప్పుడు యేసుకు కలిగింది ఇదే, దారిలో పడి ఉన్నవాణ్ణి చూసిన సమరయునికీ ఇదే. హీబ్రూలో వాత్సల్యానికి వాడే రహమీం అనే మాట రెహెం, అంటే గర్భం, అనే మాటకు చుట్టం. ఒకే బిడ్డ కోసం సొలొమోను దగ్గరికి వచ్చిన ఇద్దరు స్త్రీల కథలో అసలు తల్లికి కలిగింది రహమీం. అక్కడ మన అనువాదకులు ఏం రాశారో తెలుసా? "పేగులు తరుగుకొని పోయినదై." 1 రాజులు 3:26, తీసి చూడండి. అమ్మ అన్న మాట తెలుగు బైబిల్లోనే ఉంది!

మళ్లీ మాట వేరు పట్టుకుని ఊగిపోకూడదు లెండి. కడుపుతీపి అన్నప్పుడు ఎవరూ బెల్లం గురించి ఆలోచించరు, గ్రీకువాళ్లూ ప్రతిసారీ పేగులు తలుచుకుని ఉండరు. కానీ ఒకటి చూడండి. ఆ తప్పిపోయిన కుమారుని కథ మొత్తంలో తండ్రి ప్రేమకు అగాపే అనే మాట లేదు, ఫిలియా అనే మాట లేదు. తండ్రి పరుగెత్తాడు, మెడ మీద పడ్డాడు, చెప్పులు తొడిగించమన్నాడు. "ఆయన మన నిమిత్తము తన ప్రాణము పెట్టెను గనుక దీనివలన ప్రేమ యెట్టిదని తెలిసికొనుచున్నాము" అని 1 యోహాను 3:16లో రాసినప్పుడు, ప్రేమ ఏమిటో తెలియడానికి యోహాను చూపించింది కూడా ఆయన చేసిన పనినే.

మీ పాస్టర్ గారితో వాదన పెట్టుకోకండి. యోహాను 3:35, 5:20 పక్కపక్కన పెట్టి, ఇదెలా అని మామూలుగా అడగండి చాలు. నా దగ్గర నోట్సు రాసుకున్న కుర్రాళ్లలో ఒకడు ఇప్పుడు పాస్టర్. మొన్న వాళ్ల సంఘానికి వెళ్తే బోర్డు మీద మూడు గడులున్నాయి, నా చేతిరాతలాగే.