లివర్ మీద బొటనవేలు పెట్టించు

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివా. జొన్న చేలో కౌజు పిట్టల వేట సీన్ చాలా బాగా పట్టావు, కానీ జమీందారు గారు పేల్చాక "లివర్ లాగి గన్ లోడ్ చేశారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అక్కడ ఆగిపోయా. జోడు గొట్టాల గన్‌లో లివర్ లాగరు, లాగినా లోడ్ అవ్వదు. అది ఎలా తెరుచుకుంటుందో తెలిస్తే ఆ సీన్ ఎక్కడికో వెళ్తుంది, అందుకే ఇంత రాస్తున్నా.

గొట్టాల వెనక, సరిగ్గా మధ్యలో పైన ఉంటుంది ఆ లివర్. కుడిచేతి బొటనవేలితో కుడి పక్కకి తోస్తారు. దాని కింద నిలువుగా ఒక ఇరుసు, లివర్‌తో పాటు అదీ తిరిగి అడుగునున్న బోల్టుని వెనక్కి జరుపుతుంది. గొట్టాల అడుగున గాట్లు కోసిన ఇనప దిమ్మలుంటాయి, మామూలప్పుడు బోల్టు ఆ గాట్లలో దూరి పట్టుకుని ఉంటుంది, అది వెనక్కి జరగ్గానే గొట్టాలు ముందున్న అడ్డపిన్ను మీద తిరిగి మూతి కిందకి వాలతాయి. లివర్ పని గడియ తీయడమే. తూటాలు చేత్తో పెట్టి గొట్టాలు పైకెత్తితే స్ప్రింగ్ బోల్టుని మళ్ళీ గాట్లలోకి తోస్తుంది, లివర్ తనంతట తనే వెనక్కొస్తుంది.

ఇంకో సంగతి, నీ కథ 1857లో నడుస్తోంది కదా, అప్పటికి ఈ ఏర్పాటు లేదు. ఆ బోల్టుకి లండన్‌లో జేమ్స్ పర్డీ పేటెంట్ తీసుకుంది 1863లో, ఇరుసుతో దాన్ని పై లివర్‌కి కలిపింది బర్మింగ్‌హామ్‌లో స్కాట్, 1865లో. 1857 అనే ఉంచితే మూతిలోంచి మందు పోసి కడ్డీతో దట్టించే గన్ పెట్టు, అదీ మంచి సీనే, టైమ్ పడుతుంది, పిట్టలు లేచిపోతాయి.

తూటాని కొట్టి పేల్చే హేమర్లు బయటికి కనపడే గన్ అయితే తూటాలు పెట్టాక ఆ హేమర్లని బొటనవేలితో వెనక్కి లాగి ఎక్కించాలి. 1875లో వెస్ట్లీ రిచర్డ్స్ కంపెనీలో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు హేమర్లని లోపల దాచేసి, గొట్టాలు వాలితే ఆ వాలుకే అవి ఎక్కేలా చేశారు. అంటే ఎక్కించేది లివర్ కాదు, గొట్టాల వాలు, ఇది చాలామంది తప్పు రాస్తారు. చాలా గన్లలో లివర్ తిప్పగానే సేఫ్టీ కూడా, అంటే గన్ పేలకుండా ఆపే మీట, తనంతట తనే వేసుకుంటుంది, మళ్ళీ పేల్చాలంటే దాన్ని ముందుకి తోయాలి. కంగారులో ఉన్న నీ జమీందారు గారు అది మర్చిపోయి ట్రిగ్గర్ నొక్కితే ఏమవుతుందో ఆలోచించు, నాకైతే కథంతా అక్కడే ఉందనిపిస్తోంది.

ఇక అసలైంది. ఎజెక్టర్ ఉన్న గన్ తెరిస్తే పేలిన తూటా ఖోలు మాత్రమే ఎగిరి బయటపడుతుంది, పేలనిది కొంచెం పైకి లేచి అక్కడే ఉంటుంది. పెద్దల్లుడు చాటు నుంచి చూస్తున్నాడని రాశావు కదా, ఒక ఖోలే ఎగిరింది, అంటే ఇంకో తూటా లోపలే ఉందని వాడికి తెలిసిపోతుంది, ఎవరూ నోరు విప్పక్కర్లేదు. ఎజెక్టర్ లేకపోతే రెండూ ఒకేలా కొంచెం లేస్తాయి, వేళ్ళతో తీసుకోవాలి, అప్పుడు దూరంగా ఉన్న అల్లుడికి ఏమీ తెలీదు.

"పాతకాలపు తుపాకీ" అని కూడా రాయకు. కొత్త గన్‌లో మూసినప్పుడు లివర్ కాస్త కుడివైపే ఆగుతుంది, ఏళ్ళ తరబడి వాడి బోల్టు అరిగేకొద్దీ మధ్యకొస్తుంది, బాగా అరిగితే మధ్య దాటి ఎడమకి పోతుంది. ఎడమకి పోయిన లివర్ చూపించు, తాత ముత్తాతల నాటి గన్ అని నువ్వు చెప్పక్కర్లేదు.

ఇవన్నీ ఒకే పేరాలో కుక్కొద్దు తమ్ముడూ, జమీందారు గారి వేలికి తగిలింది, అల్లుడి కంటికి కనపడింది రాస్తే చాలు. ముందు ఏ ఏడో తేల్చుకో. అల్లుడు ఖోలు చూసే సీన్ ఉంచాలంటే కథని 1890ల దాకా జరపాల్సిందే, ఎజెక్టర్లు బాగా వాడుకలోకొచ్చింది అప్పుడే. తిరగరాసి పంపు.