స్ఫింక్స్‌లో తెలుగు గ్లాసరీ లింకులు: ప్రత్యయం తగిలితే ఎందుకు తెగుతున్నాయి?

స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ సాధనంతో చేసిన మీ పేజీల్లో "టోకెన్" అన్నచోట గ్లాసరీకి (పదకోశానికి) లింకు వస్తోంది, "టోకెన్‌కి" అన్నచోట మాత్రం మార్కప్ గుర్తులే పేజీ మీద కనిపిస్తున్నాయి అన్నారు. మీ గ్లాసరీలో తప్పేమీ లేదు. రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్‌లో (స్ఫింక్స్ ఫైళ్లు రాసే మార్కప్ పద్ధతిలో) వాక్యం మధ్య పెట్టే మార్కప్ ముగిశాక ఖాళీ గానీ విరామచిహ్నం గానీ రావాలి. మన విభక్తులు పదానికి అతుక్కునే వస్తాయి కదా, అక్కడే తెగుతోంది.

ప్రత్యయాన్ని లింకు లోపలికే తీసుకోండి. కనబడాల్సిన రూపం ముందు, గ్లాసరీలోని రూపం కోణపు బ్రాకెట్లలో:

:టర్మ్:`టోకెన్‌కి <టోకెన్>`

(ఫైల్లో మాత్రం టర్మ్ అన్న ఆదేశం పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే, term అని, ఉండాలి.) బహువచనానికీ ఇదే పద్ధతి. బ్యాక్‌టిక్ (`) తర్వాత బ్యాక్‌స్లాష్, ఖాళీ పెట్టి "కి" రాసినా పనిచేస్తుంది కానీ నేను వాడను. పొల్లుకీ ప్రత్యయానికీ మధ్య లింకు అంచు పడి, కొన్ని బ్రౌజర్లలో అక్షరం విరిగినట్టు కనిపించవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ సమయం తినే తప్పు కంటికి కనబడనే కనబడదు. "టోకెన్‌కి"లో "న్"కీ "కి"కీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే అక్షరం ఉంటుంది. ఆ పదాన్ని కాపీ చేసి "కి" చెరిపేస్తే అది చివర మిగిలిపోతుంది. అప్పుడు చూడ్డానికి రెండూ "టోకెన్"లే, స్ఫింక్స్‌కి మాత్రం వేర్వేరు పదాలు. ఖాళీలను అది సర్దుకుంటుంది గానీ ఈ అక్షరాన్ని తీసెయ్యదు. పదం గ్లాసరీలో లేదన్న హెచ్చరిక వచ్చి, మీకు పదం కళ్లెదుటే కనిపిస్తుంటే, ఎడిటర్‌లో ఆ అక్షరం యూనికోడ్ సంఖ్య అయిన యూ ప్లస్ 200సి (U+200C) కోసం వెతకండి. మూసే కోణపు బ్రాకెట్టుకి గానీ బ్యాక్‌టిక్‌కి గానీ సరిగ్గా ముందు దొరికితే తీసెయ్యండి. గ్లాసరీలో పదం ఉన్న వరుస చివర కూడా చూడండి.

ఒకే అర్థానికి రెండు పేర్లుంటే గ్లాసరీలో వరుసగా రెండు లైన్లలో రాసి, కింద లోపలికి జరిపి ఒకే నిర్వచనం ఇవ్వండి. పేర్ల మధ్య ఖాళీ లైను ఉండకూడదు, ఒక నమోదుకీ తర్వాతి నమోదుకీ మధ్య తప్పకుండా ఉండాలి.

బయటి పేజీల నుంచి ఈ పదాలకు నేరుగా లింకులిస్తుంటే ఇంకో చిక్కుంది. స్ఫింక్స్ యాంకర్ పేర్లలో (పేజీలోని ఒక చోటికి నేరుగా తీసుకెళ్లే లింకు చివరి భాగంలో) తెలుగు అక్షరాలు నిలవవు, వాటి బదులు వరుస సంఖ్యలు పడతాయి. మధ్యలో కొత్త పదం చేరిస్తే ఆ కింద సంఖ్యలన్నీ జరిగి, పాత లింకులు పక్క పదం మీదికి వెళ్తాయి. అందుకే కొత్త పదాలు ఎప్పుడూ ఫైలు చివర చేర్చండి, అక్షర క్రమం కోసం గ్లాసరీకి :సార్టెడ్: ఆప్షన్ (ఫైల్లో ఇదీ ఇంగ్లీషు అక్షరాల్లోనే, :sorted: అని) పెట్టండి. సంఖ్యలు మూలంలోని వరుసలో పడ్డాకే క్రమం మారుతుంది కాబట్టి పాతవి కదలవు.

బిల్డ్ కమాండ్‌కి హెచ్చరికలను తప్పులుగా లెక్కించే -W (హైఫన్, పెద్ద అక్షరం డబ్ల్యూ) చేర్చండి. తెగిన పదం ఒక్కటున్నా బిల్డ్ విఫలమవుతుంది, పాఠకుడి దాకా వెళ్లదు.