వదిన వయసు, అండాల సంఖ్య: ఈ రెండు లెక్కలే ముందు

ప్రశ్న: నా భార్యకు 31 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తే 2023లో గర్భసంచి తీసేశారు. అండాశయాలు ఉంచారు, రేడియేషన్ ఇవ్వలేదు. పిల్లలు లేరు. మా వదిన ఇద్దరు పిల్లల తల్లి, 34 ఏళ్లు. మా బిడ్డను తాను మోస్తానంటున్నది. ఎంత డబ్బు చూసుకోవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీకు డబ్బు కన్నా సమయం తక్కువగా ఉంది. 2021 సరోగసీ చట్టం ప్రకారం మోసే తల్లి వయసు 25-35 మధ్య ఉండాలి. చూసేది దరఖాస్తు పెట్టిన రోజు వయసు కాదు, పిండాన్ని గర్భంలో పెట్టే రోజు వయసు. మీ వదిన పుట్టినతేదీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. ఆమె జీవితంలో ఒక్కసారే సరోగేట్ కావచ్చు, మూడు ప్రయత్నాలకు మించి చేయరాదు. ఆమె అండాన్ని వాడకూడదు.

అందుకే ఈ నెలలోనే మీ భార్యకు ఏఎంహెచ్ (అండాలు ఎన్ని మిగిలాయో అంచనా ఇచ్చే) రక్తపరీక్ష, అండాశయాల స్కానింగ్ చేయించండి. అంతకుముందు క్యాన్సర్ డాక్టరు దగ్గర జబ్బు తిరగబెట్టలేదని, హార్మోన్ ఇంజెక్షన్లు ఇవ్వొచ్చని రాయించుకోండి. ఆపరేషన్ నోట్సు తప్పక పట్టుకెళ్లండి. కొందరికి ఆపరేషన్‌లో అండాశయాలను పైకి జరిపి కుడతారు. అలాంటప్పుడు మామూలు దారిలో సూది అందక, పొట్ట మీదుగా అండాలు తీయాల్సి రావచ్చు. అండాలు సరిపోకపోతే దారి మూసుకుపోయినట్టు కాదు. జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే దాత అండం వాడుకునే వీలు 2024 ఫిబ్రవరి సవరణతో వచ్చింది. అయితే వీర్యం మీదే అయి ఉండాలి.

పిండాలు తయారై ఫ్రీజింగ్‌లోకి వెళ్లేదాకా వదినకు మందులు మొదలుపెట్టనివ్వకండి. కాగితాల పని మాత్రం ఆగకూడదు. గర్భసంచి లేదని జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, పుట్టబోయే బిడ్డకు తల్లిదండ్రులు మీరేనని మెజిస్ట్రేట్ ఉత్తర్వు, వదిన పేర 36 నెలల ఆరోగ్య బీమా కావాలి. బోర్డు గురించి నల్లగొండలో డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యారోగ్య అధికారి) ఆఫీసులో అడగండి. ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు ఉంటే ఫైలు అక్కడే ఆగుతుంది. ముందే సరిచేయించుకోండి.

ఇక ఖర్చు. మందులతో కలిపి ఒక ఐవీఎఫ్ (అండం, వీర్యం ల్యాబ్‌లో కలిపి పిండం తయారుచేసే) విడతకు సుమారు లక్షన్నర నుంచి రెండున్నర లక్షలవుతుంది. మొదటిసారే నిలుస్తుందని నమ్మి ఉన్నదంతా దానికే పెట్టొద్దు, రెండో విడతకూ ఉంచుకోండి. పిండాల నిల్వకు ఏటా ఫీజు, బీమా ప్రీమియం, లాయరు ఫీజు, వదిన పరీక్షలు, కాన్పు, హైదరాబాద్‌కు రానుపోను ప్రయాణాలు వేరు. బిడ్డ నెలలు నిండకుండా పుడితే ఎన్ఐసీయూ (పసిబిడ్డల ఐసీయూ) బిల్లు రోజుల లెక్కన పెరుగుతుంది, దానికి విడిగా డబ్బు పెట్టండి. వదినకు ప్రతిఫలంగా డబ్బు ఇవ్వడం నేరం. ఆమె వైద్య ఖర్చులు, బీమా, నిబంధనలు ఒప్పుకున్న మిగతా ఖర్చులు మీరు భరించాలి. సరోగేట్‌ను మేమే చూస్తాం, ప్యాకేజీ కట్టండి అనే సెంటర్ గడప తొక్కకండి. సరోగసీ చట్టం కింద తీసుకున్న రిజిస్ట్రేషన్ చూపించమని అడగండి, ఐవీఎఫ్ రిజిస్ట్రేషన్ ఒక్కటే సరిపోదు.

వదినతో డాక్టరు ఒంటరిగా మాట్లాడాలి. ఇంటివాళ్ల ముందు కాదనలేక ఒప్పుకునే ఆడవాళ్లు చాలామంది. పిండం పెట్టే క్షణం దాకా వద్దనే హక్కు చట్టం ఆమెకు ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు మీ నోటితోనే చెప్పండి.