నిరాకరణ వేరు, నిశ్శబ్దం వేరు

చిరంజీవికి,

ఆశీస్సులు. వ్యక్తిగత కంప్యూటర్ నుంచి యూనిక్స్ హోస్ట్‌కు (మనం దూరం నుంచి లాగిన్ అయ్యే యూనిక్స్ యంత్రానికి) కనెక్షన్ కుదరనప్పుడు ఏం చేయాలో వివరిస్తూ నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. సాంకేతికంగా తప్పు అనదగినది ఒక్కటే దొరికింది. దాని సంగతి తర్వాత చెబుతాను. భాష శుభ్రంగా ఉంది. అయినా, దాన్ని పక్కన పెట్టుకుని కూర్చున్న పాఠకుడు గంట తర్వాత కూడా బయలుదేరిన చోటే ఉంటాడని నా అనుమానం. కేబుల్ చూడండి, ఐపీ చిరునామా చూడండి, పింగ్ చేయండి (చిన్న సందేశం పంపి జవాబు వస్తుందేమో చూడండి), ఫైర్‌వాల్ (నెట్‌వర్క్ రాకపోకలను వడపోసే కాపలా) చూడండి అంటూ పనులన్నీ వరుసగా చెప్పావు గానీ, ఒక్కొక్క పని చేశాక ఏం కనబడితే ఏ అనుమానం తీరిపోయినట్టో, ఇక దేని జోలికి పోనక్కర లేదో ఎక్కడా చెప్పలేదు.

మొదటి వాక్యమే చూడు. 'హోస్ట్‌కు కనెక్ట్ కాకపోతే' అని ఎత్తుకున్నావు. పాఠకుడి తెరమీద ఆ మాట ఉండదు. అక్కడ 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని ఉంటుంది, లేదా చాలాసేపు ఏమీ కదలక చివరికి 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అని వస్తుంది, లేదా హోస్ట్ పేరే తెలియదన్న సందేశం వస్తుంది. ఈ మూడూ నీకు ఒకే జబ్బులా కనబడ్డాయి. నిజానికి వాటికి ఒకదానితో ఒకటికి పోలిక లేదు.

రిఫ్యూజ్డ్ అన్న సందేశం ఒక విధంగా శుభవార్త. మన కంప్యూటర్ పంపిన ప్యాకెట్ (సమాచారపు మూట) అవతలి చిరునామా దాకా వెళ్లింది, ఆ పోర్టులో (ఒక్కో సర్వీసుకు ఒక్కో అంకెతో ఉండే ద్వారంలో) వినేవాళ్లెవరూ లేరని అక్కడి నుంచి జవాబు తిరిగి వచ్చింది. అంటే కేబుల్, చిరునామా, దారి అన్నీ బాగున్నట్టే లెక్క. (ఆ చిరునామా నిజంగా మన హోస్ట్‌దేనా అన్నదీ, మధ్యలోని ఫైర్‌వాల్ హోస్ట్ తరఫున నిరాకరించిందా అన్నదీ వేరే చూసుకోవాలి.) ఈ సందేశం చూసిన మనిషిని కేబుల్ పీకి మళ్లీ పెట్టమనడం అతని కాలాన్ని వృథా చేయడమే. అతను వెళ్లవలసింది నేరుగా హోస్ట్ దగ్గరికి: దూరం నుంచి లాగిన్ కానిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు నడుస్తోందా, నడిస్తే 22వ పోర్టులోనే ఉందా, లేక ఎవరైనా దాన్ని 127.0.0.1 (హోస్ట్ తనను తాను పిలుచుకునే చిరునామా) మీద మాత్రమే వినేలా కట్టేశారా అన్నది ఏ పోర్టులో ఎవరు వింటున్నారో చూపే నెట్‌స్టాట్ ఆదేశం ఒక్క నిమిషంలో చెబుతుంది. ఈ మూడో కారణం చాలామందిని ముప్పుతిప్పలు పెడుతుంది, ఎందుకంటే హోస్ట్ మీద కూర్చుని ప్రయత్నిస్తే అంతా చక్కగా పనిచేస్తుంది.

టైమ్డ్ అవుట్ అయితే అసలు జవాబే లేదు. హోస్ట్ ఆగిపోయి ఉండవచ్చు, చిరునామా తప్పై ఉండవచ్చు, ఫైర్‌వాల్ ప్యాకెట్‌ను చప్పుడు లేకుండా పారేసి ఉండవచ్చు. నువ్వు వదిలేసిన నాలుగో కారణం కూడా ఉంది: ప్యాకెట్ హోస్ట్‌ను చేరింది గానీ, తిరిగి వచ్చే దారి హోస్ట్‌కు తెలియదు. హోస్ట్‌లో డిఫాల్ట్ గేట్‌వే (బయటికి దారి ఇచ్చే యంత్రం చిరునామా) రాయడం మరిచిపోతే, అదే సబ్‌నెట్‌లోని (నెట్‌వర్క్‌లో అదే పేటలోని) కంప్యూటర్లకు అది చక్కగా పలుకుతుంది, బయటి సబ్‌నెట్ల వాళ్లకు మాత్రం మూగదవుతుంది. 'పక్క బల్ల మీది కంప్యూటర్ నుంచి వస్తోంది, నా దాని నుంచి రావడం లేదు' అన్న ఫిర్యాదు విన్నప్పుడు, ఆ రెండు కంప్యూటర్లూ ఒకే సబ్‌నెట్‌లో ఉన్నాయా అని మొదట అడగమని రాయి. హోస్ట్ మీద, వచ్చిపోయే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ నడిపే అధికారం ఉంటే వాదన అక్కడితో తెగిపోతుంది. ప్యాకెట్ వస్తోందో లేదో, జవాబు బయలుదేరుతోందో లేదో కళ్లెదుటే కనబడుతుంది.

ఇక నీ తప్పు. 'పింగ్‌కు జవాబు రాకపోతే హోస్ట్ పనిచేయడం లేదని అర్థం' అని రాశావు. ఇదే వాక్యాన్ని నా తొలి రోజుల్లో ఒక మాన్యువల్‌లో నేనూ రాశాను. దాన్ని నమ్మిన ఒకాయన, లోపల మనుషులు పనిచేసుకుంటున్న యంత్రాన్ని రీబూట్ చేశాడు. ఆ యంత్రానికి వచ్చిన రోగమేమీ లేదు, దాని ముందున్న ఫైర్‌వాల్ పింగ్ ప్యాకెట్లను ఆపేస్తోంది, అంతే. పింగ్‌కు జవాబు వస్తే దారి ఉందని చెప్పవచ్చు. రాకపోతే ఏమీ చెప్పలేము. అప్పుడు టెల్నెట్‌తోనో, విండోస్‌లోనైతే టెస్ట్-నెట్‌కనెక్షన్‌తోనో అసలు పోర్టునే తట్టి చూడమనాలి.

విండోస్ పింగ్ ఇంకో విధంగానూ మోసం చేస్తుంది. తెరమీద 'రిప్లై ఫ్రమ్' అని మొదలై, ఒక చిరునామా, దాని పక్కన 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని వస్తుంది. కింద లెక్క చూస్తే పంపినవి 4, అందినవి 4, పోయినవి 0. పాఠకుడు ఆ సున్నా చూసి సంతోషిస్తాడు. ఆ జవాబు ఇచ్చిన చిరునామాను నిదానంగా చదివితే, చాలాసార్లు అది తన సొంత కంప్యూటర్‌దే! సబ్‌నెట్‌లో ఆ హోస్ట్ ఎవరని కేకవేసి, ఎవరూ పలకక, ఆ సంగతి తనకు తానే చెప్పుకుంటోందన్నమాట. సబ్‌నెట్ మాస్క్ (ఏ చిరునామాలు పొరుగువో చెప్పే అంకె) 255.255.255.0 ఉండవలసిన చోట 255.255.0.0 అని కొట్టినా ఇదే జరగవచ్చు, ఎందుకంటే గేట్‌వే అవతల ఉన్న హోస్ట్‌ను కంప్యూటర్ పొరుగునే ఉందనుకుని వెతుకుతుంది. ఈ ముచ్చటకు నీ వ్యాసంలో ఒక పేరా పూర్తిగా ఇవ్వు.

అన్నట్టు, పింగ్‌ను మైక్ మ్యూస్ 1983 డిసెంబరులో, తన నెట్‌వర్క్ ఎందుకు వింతగా ప్రవర్తిస్తోందో తేల్చుకోవడానికే రాశాడు. తొలి పింగ్ పంపేలోపే చెడిన పరికరం బాగైపోయింది. ఈ కథ వ్యాసంలో పెట్టాలని నీకు సరదా పుట్టవచ్చు, పెట్టకు. కనెక్షన్ లేక చికాకు పడుతున్నవాడికి చరిత్ర అక్కర లేదు.

పేరు తెలియదన్న సందేశం గురించి రెండు వాక్యాలు చాలు: పేరు బదులు ఐపీ చిరునామాతో ప్రయత్నించమను, అది పనిచేస్తే పేరుకు చిరునామా చెప్పే డీఎన్‌ఎస్‌నూ, కంప్యూటర్‌లోనే పేర్లు, చిరునామాలు రాసి ఉంచే హోస్ట్స్ ఫైలునూ చూడమను. కంప్యూటర్ చిరునామా 169.254తో మొదలైతే చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ నుంచి దానికి చిరునామా రాలేదని ఒక మాట చేర్చు.

కనెక్షన్ కుదిరాక వచ్చే తంటాలను నువ్వు అసలు తాకలేదు. పాస్‌వర్డ్ అడగడానికే చాలాసేపు పడుతుంటే, హోస్ట్ మన చిరునామాకు పేరేమిటని డీఎన్‌ఎస్‌ను అడిగి, రాని జవాబు కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. లాగిన్ బాగానే జరిగి, పెద్ద డైరెక్టరీ జాబితా అడగగానే తెర బిగుసుకుపోతే ఎంటీయూను (దారిలో పట్టే అతిపెద్ద ప్యాకెట్ పరిమాణాన్ని) అనుమానించాలి. చిన్న ప్యాకెట్లు దాటుతున్నాయి, 1500 బైట్లవి ఎక్కడో ఆగిపోతున్నాయి. ముక్కలు చేయవద్దన్న షరతుతో 1472 బైట్ల పింగ్ పంపితే అది బయటపడుతుంది, ఎందుకంటే ప్యాకెట్ ముందు చేరే శీర్షికలకు (హెడర్లకు) మరో 28 బైట్లు కలుస్తాయి. ఫైర్‌వాల్ అడ్డు లేదని తెలిసిన దారిలోనే ఈ పరీక్ష చేయమని చెప్పడం మరవకు. బ్యాక్‌స్పేస్ కొడితే అక్షరం చెరగకుండా వింత గుర్తులు రావడం మాత్రం టెర్మినల్ విషయం, దాన్ని ఇంకో వ్యాసానికి దాచుకో.

తిరగరాసే ముందు ఒక కంప్యూటర్‌నూ, చెడినా ఫరవాలేని ఒక యూనిక్స్ యంత్రాన్నీ దగ్గర పెట్టుకుని, నీ చేతులతోనే కనెక్షన్ చెడగొట్టు. ఒకసారి సర్వీసు ఆపు, ఒకసారి మాస్క్ మార్చు, ఒకసారి ఫైర్‌వాల్‌తో ప్యాకెట్లు పారేయించు, ఒకసారి గేట్‌వే తీసెయ్యి. ప్రతిసారీ తెరమీద వచ్చిన మాటను అక్షరం పొల్లుపోకుండా రాసుకో, అది రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాసుకో. ఆ కాగితాలను రెండో ప్రతితో పాటు నాకు పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి