టెక్ సందేహాలు: పాత ల్యాప్‌టాప్, కొత్త లినక్స్, పాప హోంవర్క్

ప్రశ్న: ఇంట్లో పదేళ్ల నాటి ల్యాప్‌టాప్ మూలన పడి ఉంది. 4 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, విండోస్ 10. విండోస్ 11 వేద్దామంటే ఈ కంప్యూటర్‌కు కుదరదంటోంది. ఏడో తరగతి చదువుతున్న మా పాపకు ఇందులోనే విండోస్ బదులు లినక్స్ (ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్) వేసి ఇద్దామనుకుంటున్నాను. బడి పనులకు సరిపోతుందా? ఏ లినక్స్ మంచిది?

జవాబు: ఏ లినక్స్ అన్నది తర్వాత చూద్దామండీ. ముందు బడివాళ్లను ఒక మాట అడగండి: ఆన్‌లైన్ పరీక్షలు పెడతారా? పెడితే వాటికి ప్రత్యేకమైన బ్రౌజర్ వేసుకోమంటారా? సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్, రెస్పాండస్ లాక్‌డౌన్ బ్రౌజర్ లాంటివి లినక్స్‌లో నడవవు. లినక్స్ లోపల వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) విండోస్ పెట్టి నడిపిద్దామన్నా అవి మామూలుగా పసిగట్టేస్తాయి. అలాంటిది తప్పనిసరి అంటే పరీక్షల కోసం వేరే కంప్యూటర్ చూసుకోవాల్సిందే. ఈ సంగతి లినక్స్ వేసిన మూడు నెలలకు, సరిగ్గా పరీక్ష ముందు రోజు రాత్రి తెలుసుకునేవాళ్లే ఎక్కువ.

ఆ బెడద లేకపోతే మిగతా పనులకు ఢోకా లేదు. గూగుల్ క్లాస్‌రూమ్, మీట్ బ్రౌజర్‌లోనే నడుస్తాయి. జూమ్‌కు లినక్స్ యాప్ ఉంది. టీమ్స్‌కు ఉన్న లినక్స్ యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2022 చివర్లో ఎత్తేసింది కాబట్టి దాన్ని క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో తెరవాలి. విండోస్ 10 అంటారా, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అదే ఉంచుకుని పిల్ల చేతికి ఇవ్వమని నేను చెప్పను.

మీ ల్యాప్‌టాప్‌కు నా ఓటు లినక్స్ మింట్‌కు, అందులోనూ తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకానికి. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, 4 జీబీ ఉంటే హాయి అని మింట్ వాళ్లే చెబుతారు. అయితే ఆ హాయి మింట్ వరకే. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే ఏ లినక్సూ కాపాడలేదు. కాస్త ఖర్చు పెట్టగలిగితే హార్డ్ డిస్క్ తీయించి, దానికంటే వేగమైన డిస్క్ ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత ల్యాప్‌టాప్‌కు దాన్ని మించిన మందు లేదు.

ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక పూట పరీక్షించి చూడడానికి కేటాయించండి. మింట్ ఐఎస్‌ఓ ఫైలును (మింట్ మొత్తం ఉండే ఒకే ఫైలు) దించుకుని, రూఫస్, ఎచర్ అనే ప్రోగ్రాముల్లో ఏదో ఒకదానితో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నుంచే ల్యాప్‌టాప్‌ను బూట్ (స్టార్ట్) చేయండి. కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ కీలలో ఏదో ఒకటి నొక్కితే బూట్ మెనూ వస్తుంది. ఇలా నడిపినప్పుడు లోపలి డిస్క్ జోలికి ఏదీ పోదు. వైఫై పట్టుకుంటోందా, కెమెరాలో ముఖం కనబడుతోందా, మైకులో మాట వినబడుతోందా, మూత వేసి తీస్తే మళ్లీ లేస్తోందా చూడండి. పాప చేతే క్లాస్‌రూమ్‌లో లాగిన్ చేయించి చూడండి. నెమ్మదిగా ఉందని కంగారు పడొద్దు, పెన్‌డ్రైవ్ వేగం అంతే. వైఫై అసలు కనిపించకపోతే ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ (ఫోన్ నెట్‌ను కంప్యూటర్‌కు ఇవ్వడం) ఆన్ చేయండి. నెట్ వచ్చాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే వైఫైకి కావలసిన డ్రైవర్ (దాన్ని నడిపించే ప్రోగ్రామ్) ఉందో లేదో చూపిస్తుంది.

అన్నీ కుదిరాక పాత ఫొటోలు, ఫైళ్లు వేరే చోటికి కాపీ చేసుకుని అప్పుడు ఇన్‌స్టాల్ చేయండి. మధ్యలో మల్టీమీడియా కోడెక్స్ (వీడియోలు, పాటలు ఆడించడానికి కావలసినవి) వేయాలా అని అడుగుతుంది. టిక్ పెట్టండి, లేకపోతే కొన్ని పాఠాల వీడియోలు మొరాయిస్తాయి.

ఇక అసలు తంటా లిబ్రేఆఫీస్ (మింట్‌తో వచ్చే, వర్డ్, ఎక్సెల్ లాంటి ప్రోగ్రాములు) దగ్గర. మా అన్నయ్య కొడుక్కి ఇలాగే ఒక ల్యాప్‌టాప్ సిద్ధం చేసిచ్చాను. అన్నీ చూశాననే అనుకున్నాను. వారం తిరక్కుండా ఫోన్: “బాబాయ్, నా ఫైలు టీచర్ ఫోన్‌లో తెరుచుకోవట్లేదట!” తీరా చూస్తే వాడు సేవ్ కొట్టిన ప్రతిసారీ లిబ్రేఆఫీస్ తన సొంత ఓడీటీ రకంలో దాస్తోంది. దీన్ని ఒక్కసారి మారిస్తే చాలు. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్/సేవ్, దాని కింద జనరల్. అక్కడ ‘ఆల్వేస్ సేవ్ యాజ్’ ఎదురుగా వర్డ్ డాక్యుమెంట్‌ను ఎంచుకోండి. అక్కడే ఎక్సెల్‌కూ, పవర్‌పాయింట్‌కూ విడిగా మార్చాలి. నేను వర్డ్ ఒక్కటే మార్చి చేతులు దులుపుకున్నాను. మళ్లీ ఫోన్ వచ్చింది.

టీచర్ పంపిన వర్క్‌షీట్‌లో పట్టిక చివరి వరుస రెండో పేజీలోకి జారిపోయిందంటే అది చాలాసార్లు ఫాంటు గొడవే. వర్డ్ ఫైళ్లలో ఎక్కువగా కనబడే కాలిబ్రి మైక్రోసాఫ్ట్ ఫాంటు, లినక్స్‌తో రాదు. దానికి బదులు కార్లిటో ఉంది. అక్షరాల వెడల్పులు కాలిబ్రితో సమానంగా ఉండేలా చేసిన ఫాంటు అది. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికి వేసుకుంటే వరుసలు చాలావరకు మళ్లీ తమ చోటికి వస్తాయి. బడికి తిరిగి పంపేటప్పుడు, దిద్దాల్సిన ఫైలు కాకపోతే, పీడీఎఫ్ చేసి పంపడం ఉత్తమం.

తెలుగు హోంవర్క్‌కు, కీబోర్డుతో తెలుగు టైపు చేయించే ఐబస్‌తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేయండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ టైపింగ్ పద్ధతులన్నీ అందులో ఉన్నాయి. ఐట్రాన్స్‌లో ఏ, ఎం, ఎం, ఏ కీలు వరసగా నొక్కితే ‘అమ్మ’ వస్తుంది. పిల్లలు పది నిమిషాల్లో పట్టేస్తారు. పోతన, వేమన ఫాంట్లు కూడా సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే దొరుకుతాయి. తెలుగు టీచర్ పంపిన ఫైలు పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తే అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే అక్షరాల ప్రమాణం) కాని పాత డీటీపీ ఫాంటుతో కొట్టినదన్నమాట. అందులో లినక్స్ తప్పేం లేదు, పీడీఎఫ్ పంపమని అడగండి.

చదువు యాప్‌లు మొదటి రోజే ఇరవై వేసి పెట్టకండి. లెక్కలకు జియోజెబ్రా, ఆకాశం చూడడానికి స్టెలేరియం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటానంటే థానీ. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే స్క్రాచ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఇంకేం కావాలో పాపే అడుగుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్లు. లినక్స్‌లో పిల్లల మీద ఓ కన్నేసి ఉంచే ఏర్పాట్లు ఏమైనా ఉన్నాయా? పొద్దస్తమానం వీడియోలు చూస్తూ కూర్చుంటాడేమోనని.

జవాబు: ఉన్నాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తయారయ్యే మొదటి ఖాతా అడ్మిన్ ఖాతా, దాన్ని మీరు ఉంచుకోండి. ‘యూజర్స్ అండ్ గ్రూప్స్’లో అబ్బాయికి స్టాండర్డ్ ఖాతా విడిగా తెరవండి. టైమ్‌కేపీఆర్ నెక్స్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఏ రోజు ఎన్ని గంటలు, ఏ వేళల్లో అన్నది ఆ ఖాతాకు పెట్టవచ్చు. గడువు దాటితే లాగౌట్ చేసేస్తుంది. పెద్దల సైట్లు రాకుండా ఉండాలంటే ఇంటి రూటర్‌లో డీఎన్‌ఎస్‌గా (సైటు పేరు అడిగితే దాని చిరునామా చెప్పే సర్వర్) క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.3 ఇవ్వండి. బ్రౌజర్ సెట్టింగుల్లో ‘డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్’ ఆన్‌లో ఉంటే బ్రౌజర్ ఆ చిరునామాలను వేరే సర్వర్‌ను అడుగుతుంది, రూటర్ మాట చెల్లదు, దాన్ని ఆపేయాలి.

మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టి దాన్నుంచే బూట్ చేస్తే గంటల లెక్కలన్నీ గాలికి పోతాయి. అందుకే బయాస్‌కు (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ పెట్టి, యూఎస్‌బీ బూట్‌ను ఆపేయండి. అదీ దాటాడంటే వాడికి కంప్యూటర్ గురించి మీరు నేర్పాల్సిందేమీ మిగల్లేదు, వీడియోల సంగతి కూర్చోబెట్టి మాట్లాడుకోండి.

ప్రశ్న: మింట్‌లో వెనక్కి వెళ్లేందుకు కాపీలు తీసే టైమ్‌షిఫ్ట్ రోజూ నడుస్తోంది. పాప పొరపాటున ప్రాజెక్టు ఫైలు చెరిపేస్తే నిన్నటి కాపీకి వెనక్కి తీసుకెళ్లాను. ఫైలు మాత్రం రాలేదు. ఎందుకని?

జవాబు: టైమ్‌షిఫ్ట్ కాపాడేది సిస్టమ్‌ను. మీరు ప్రత్యేకంగా చెబితే తప్ప హోమ్ ఫోల్డర్లను (మన సొంత ఫైళ్లు ఉండే చోటు) ముట్టుకోదు. ఇలా దాన్ని నమ్ముకుని దెబ్బతిన్నవాళ్లు చాలామందే ఉన్నారు. ముందు పాప ఖాతాలో ట్రాష్ తెరిచి చూడండి, మామూలుగా డిలీట్ చేసినదైతే అక్కడే ఉంటుంది. ఇకపై పాప ఫైళ్లకు మింట్‌లోనే ఉన్న బ్యాకప్ టూల్ వాడి, వారానికోసారి బయటి పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. మొదటి జవాబులో చెప్పిన లిబ్రేఆఫీస్ జనరల్ పేజీలోనే ‘బ్యాకప్ కాపీ’ గడి ఒకటి ఉంది. దానికి టిక్ పెడితే సేవ్ చేసిన ప్రతిసారీ అంతకు ముందున్న ఫైలును .bak అనే ఎక్స్‌టెన్షన్‌తో విడిగా దాచి ఉంచుతుంది.